ఇంటి గదిలో బేస్ గిటార్ బాగా రికార్డ్ చేయడం ఎలా

“అన్నా, నా బేస్ ఫోన్‌లో అసలు వినపడట్లేదు, హెడ్‌ఫోన్స్‌లో మాత్రం బుర్ర అదిరిపోతోంది, ఏ ప్లగిన్ కొనమంటావు?”

నెలకి మూడు నాలుగు సార్లు ఈ ప్రశ్న వస్తుంది నాకు. గాజువాక నుంచి ఒకరు, ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు, మొన్న అనకాపల్లి నుంచి ఒకరు. అడిగేవాళ్లు వేరు, పంపే ఫైలు మాత్రం ఇంచుమించు ఒకటే: వెనకాల గుయ్‌మని కరెంటు మోత, నోటుకో సైజు, కింద (లావు శబ్దంలో) బురద, పైన (సన్న శబ్దంలో) ఏమీ లేదు. ప్రతిసారీ వాయిస్ మెసేజ్‌లో అదే కథ చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే ఒకేసారి రాసి పెట్టేస్తున్నా. ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ఎఫెక్ట్ ప్రోగ్రామ్) అయితే కొనొద్దు. కనీసం ఇది పూర్తిగా చేసి చూసేదాకా.

నిజానికి ఇంట్లో రికార్డ్ చేయడానికి బేస్ అంత సులువైన వాయిద్యం ఇంకోటి లేదు. గొంతు రికార్డ్ చేసేవాడికి పక్కింటి కుక్కర్ విజిల్ దగ్గర్నుంచి నేవీ హెలికాప్టర్ దాకా అన్నీ అడ్డమే. బేస్ వైరులోంచి నేరుగా కంప్యూటర్‌లోకి పోతుంది, కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా ఫైల్లోకి రాదు. గోడలకి ఫోమ్ అంటించే పని కూడా లేదు. మనల్ని ముంచేది కరెంటు, మన వేళ్లు, ఆ తర్వాత మన చెవి. కంప్యూటర్ సంగతి చివర్న.

కావాల్సినవి

- బేస్ గిటార్. ఎంత చవకదైనా పర్లేదు, ట్యూనింగ్ నిలబడితే చాలు.
- గిటార్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె. ఫోకస్‌రైట్, బెరింగర్ లాంటి వాటిలో అన్నిటికన్నా చిన్నది చాలు, సెకండ్ హ్యాండ్ అయినా చాలు.
- మూడు మీటర్లలోపు మంచి కేబుల్. పొడవు పెరిగేకొద్దీ పైన ఉండే మెరుపు కొంచెం కొంచెంగా పోతుంది.
- చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్. బ్లూటూత్‌వి వద్దు, మీటాక ఎప్పటికో వినపడతాయి.
- రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఎలాగూ ఉంటుంది.
- గిన్నెలు తోమే స్పాంజి ముక్క ఒకటి. జోక్ కాదు, కింద చెప్తా.

1. ముందు తీగల సంగతి చూడండి

వైజాగ్‌లో ఉప్పుగాలికి ఇనుప గేట్లే తుప్పు పట్టిపోతుంటే బేస్ తీగలు ఎంత. లాసన్స్ బే కాలనీలో మా స్నేహితుడొకడు కిటికీ పక్కన స్టాండు మీద నెల రోజులు బేస్ వదిలేశాడు, వేలు పెడితే గరగరమని ఇసుక కాగితం తగిలినట్టుంది. అలాంటి తీగల నుంచి వచ్చే మూగ శబ్దాన్ని ఏ ఈక్యూ (శబ్దంలో కింద, మధ్య, పైన పాళ్లు పెంచి తగ్గించే పనిముట్టు) బతికించలేదు. వాయించాక ప్రతిసారీ పొడి గుడ్డతో తీగల పైనా కిందా తుడవండి, కేసులో పెట్టండి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా ఆ కేసులో పడేయండి.

అలాగని ప్రతి రికార్డింగ్‌కీ కొత్త తీగలు కొనక్కర్లేదు. రాక్, స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టే పద్ధతి) లాంటివాటికి కొత్తవి కావాలి. మెలొడీకి, పాతకాలం సినిమా పాటల ధోరణికి నెలా రెండు నెలలు వాడిన తీగలే బాగుంటాయి. 1960లలో అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల మీద వాయించిన జేమ్స్ జేమర్సన్ తన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కి నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదట. కాబట్టి పాత తీగలు వేరు, తుప్పు తీగలు వేరు.

ఇప్పుడు ట్యూన్ చేయండి. ఆ తర్వాత 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు ఊరికే ఆనించి మీటేది) ఒకసారి, అదే ఫ్రెట్ నొక్కి ఒకసారి మీటి ట్యూనర్‌లో చూడండి. రెండూ ఒకటే చూపించాలి. నొక్కింది ఎక్కువ చూపిస్తే బ్రిడ్జి మీద ఆ తీగ శాడిల్‌ని స్క్రూతో వెనక్కి లాగండి, తక్కువ చూపిస్తే ముందుకి జరపండి. “మిక్స్‌లో ఏదో తేడాగా ఉందన్నా” అని నాకు వచ్చే ఫైళ్లలో చాలావాటికి రోగం ఇదే.

మీది యాక్టివ్ బేస్ అయితే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. శబ్దం చిరిగినట్టు, తుంపులు తుంపులుగా వస్తుంటే ముందు అది మార్చి చూడండి. వాయించడం అయిపోయాక కేబుల్ పీకేయండి, గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

2. కరెంటు మోతని వేటాడండి

ఈ మెట్టు దాటేయాలనిపిస్తుంది, దాటొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో లావు తీగ ‘ఈ’ ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్, దాని మీద మూడో ఫ్రెట్‌లో ఉండే ‘జీ’ 49 హెర్ట్జ్, తర్వాతి తీగ ‘ఏ’ 55. అంటే కరెంటు మోత సరిగ్గా మన నోట్ల మధ్యలో వచ్చి కూర్చుంటుంది. గొంతు ట్రాక్‌లో అయితే కింద కోసేసి వదిలించుకోవచ్చు, ఇక్కడ కోస్తే బేసే పోతుంది. రాకుండా చూసుకోవడమే దారి.

పరీక్ష ఇలా చేయండి. బేస్ మీద వాల్యూమ్, టోన్ నాబ్‌లు పూర్తిగా తెరిచి, తీగలు ముట్టుకోకుండా 10 సెకన్లు రికార్డ్ చేయండి, తర్వాత తీగల మీద అరచెయ్యి ఆనించి ఇంకో 10 సెకన్లు. చెయ్యి పెట్టగానే మోత తగ్గితే మామూలే, కంగారు లేదు. చెయ్యి పెట్టినా ఏ మార్పూ లేకుండా గట్టిగా మోగుతుంటే బ్రిడ్జి కిందకి వెళ్లే ఎర్త్ వైరు ఊడి ఉండొచ్చు, సోల్డరింగ్ తెలిసినవాళ్లకి పది నిమిషాల పని. బేస్ పట్టుకుని కుర్చీలో అటూ ఇటూ తిరిగితే మోత పెరిగి తగ్గుతోందంటే పికప్ (తీగల కింద ఉండి వాటి ఊపుని కరెంటుగా మార్చేది) మోతని గాల్లోంచి లాక్కుంటోంది. అప్పుడు మోత తక్కువగా ఉన్న దిక్కుకి తిరిగి కూర్చుని అలాగే రికార్డ్ చేసేయండి. జాజ్ బేస్ రకమైతే రెండు పికప్‌ల వాల్యూమూ పూర్తిగా పెట్టండి, ఒకదాని మోతని ఇంకోటి కొట్టేస్తుంది.

ఇక ఇంట్లో ఒక్కొక్కటీ ఆపుకుంటూ రావాలి. మా గదిలో నేను రాత్రి పదకొండింటికి ఈ పని పెట్టుకున్నా. ట్యూబ్‌లైట్ ఆపాను, కొంచెం తగ్గింది. ఫోన్ ఛార్జర్ పీకాను, తేడా లేదు. వైఫై రూటర్, లేదు. చివరికి చెమటలు కారుతూ ఫ్యాన్ ఆపేసరికి హెడ్‌ఫోన్స్‌లో నిశ్శబ్దం, ఎంత నిశ్శబ్దమంటే నా మణికట్టు గిటార్‌కి రాసుకోవడం వినపడింది. తప్పు ఫ్యాన్‌ది కాదు, రెగ్యులేటర్‌ది. గుండ్రంగా ఎటైనా సాఫీగా తిరిగే రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటుని ముక్కలుగా కోసి పంపుతుంది, ఆ కోతే పికప్‌కి వినపడుతుంది. ఫుల్ స్పీడులో పెడితే దాదాపు పోతుంది. టక్ టక్‌మని ఒకటి, రెండు, మూడు అని ఆగే స్టెప్ రెగ్యులేటర్ వేయించుకుంటే ఆ గొడవే ఉండదు. మే నెలలో ఫ్యాన్ లేకుండా రికార్డ్ చేయండని చెప్పేంత దుర్మార్గుణ్ణి కాదు.

తర్వాత లాప్‌టాప్ ఛార్జర్. పీకేసి బ్యాటరీ మీద నడపండి, మోత పోతే దొంగ దొరికినట్టే. టేకులు తీసేంతసేపు ఛార్జర్ లేకుండా ఉంచితే సరి. లేదా లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే స్పైక్ బోర్డుకి పెట్టి చూడండి.

ఒక్క హెచ్చరిక. తీగలైనా, లాప్‌టాప్ అంచైనా ముట్టుకుంటే జివ్వుమంటోందా? అక్కడితో రికార్డింగ్ ఆపండి. అది టోన్ సమస్య కాదు, ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోయి ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌లో ఎర్త్ చూపించండి. మోత తగ్గుతుందని ఎవరైనా మూడో పిన్ను విరగ్గొట్టమంటే వినొద్దు. తగ్గుతుంది, నిజమే, ప్రాణం మీదకీ వస్తుంది.

3. గుచ్చండి, లెవెల్ పెట్టండి

ఇంటర్‌ఫేస్ మీద ‘ఇన్‌స్ట్’ అనో, ‘హై-జెడ్’ (Hi-Z) అనో, గిటార్ బొమ్మో ఉండే స్విచ్ ఉంటుంది. అది నొక్కి ఉండాలి. లైన్ మీద ఉండిపోతే బేస్ దుప్పటి కప్పుకుని వాయించినట్టు వస్తుంది. ఈ ఒక్క స్విచ్ మర్చిపోయి నేను ఒక పాట మొత్తం రికార్డ్ చేసి, రెండు రోజులు ఈక్యూతో కుస్తీ పట్టి, మళ్లీ మొదట్నుంచీ వాయించాను.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. పాటలో మీరు అందరికన్నా గట్టిగా కొట్టే చోటు వాయిస్తూ మీటర్ చూడండి, శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 8 డీబీ (డెసిబెల్స్) మధ్య తగిలితే చాలు. సున్నా దాకా నింపాలన్న ఆత్రం వద్దు. ఎర్ర లైటు వెలిగిన టేకు పోయిన టేకే, తెర మీద శబ్దం గీత తల నరికినట్టు బల్లపరుపుగా కనపడుతుంది, దాన్ని తర్వాత బాగుచేయలేం.

వాయించినదానికి, వినపడినదానికి మధ్య ఆలస్యం ఉంటే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో బఫర్ 128కి దించండి, పాత లాప్‌టాప్ చిటపటలాడితే 256. విండోస్ వాళ్లు కంపెనీ ఇచ్చిన ఆసియో (ASIO) డ్రైవరే వేసుకోండి. ఇంకా ఇబ్బందైతే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ (కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా వినిపించేది) నొక్కి వాయించండి.

4. వేళ్లు

టోన్ తొంభై పాళ్లు ఇక్కడే ఉంది, ఇది చెప్తే ఎవరికీ నచ్చదు, ఎందుకంటే దీన్ని డౌన్‌లోడ్ చేసుకోలేం.

ముందు ఎక్కడ మీటాలో తేల్చుకోండి. మెడ దగ్గర మీటితే గుండ్రంగా, మెత్తగా వస్తుంది. బ్రిడ్జి దగ్గర బిగుతుగా, కొంచెం ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. పికప్ మీద ఆ రెండింటికీ మధ్య. ఒకే నోటు ఈ మూడు చోట్లా మీటి రికార్డ్ చేసి పాటతో కలిపి వినండి, ఏది నప్పితే అక్కడే చెయ్యి కట్టేసినట్టు ఉంచండి. పల్లవిలో ఒకచోట, చరణంలో ఇంకోచోట తెలియకుండా జరిగిపోవడం కొత్తవాళ్లందరూ చేసే పని, తర్వాత “కంప్రెసర్ (గట్టి నోట్లని తగ్గించి అన్నీ సమానం చేసేది) పనిచేయట్లేదు” అంటారు.

రెండోది, మెల్లగా మీటండి. హెడ్‌ఫోన్స్‌లో మన బేస్ మనకి సరిగా వినపడకపోతే చెయ్యి దానంతటదే గట్టిగా కొట్టేస్తుంది, తీగ వెళ్లి ఫ్రెట్‌లకి తగిలి టపటపమంటుంది, నోటు మొదట్లో ఠప్‌మని పుట్టి వెంటనే చచ్చిపోతుంది. కాబట్టి రికార్డ్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో బేస్‌ని అవసరానికన్నా ఎక్కువే పెట్టుకోండి. చెయ్యి నెమ్మదిస్తుంది, నోటు లావవుతుంది.

మూడోది, వాయించని తీగల్ని మూయండి. ‘డి’ తీగ మీద వాయిస్తుంటే లావు ‘ఈ’ తీగ దానంతటదే కంపిస్తూ కింద గుమ్మని ఉంటుంది. చెవికి తెలీదు, మిక్స్‌లో బురదంతా అదే. బొటనవేలు పికప్ మీదే పాతేయకుండా తీగతో పాటు కిందకి జరుపుతూ, పైన ఉన్న తీగల్ని దానితో ఆనించండి. వారం రోజులు చిరాకుగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

నోటు ఎక్కడ మొదలైందో అందరూ చూస్తారు, ఎక్కడ ఆగిందో ఎవరూ చూడరు. స్నేర్ డ్రమ్ దెబ్బ పడే చోట బేస్ ఆగాల్సి ఉంటే ఆగాలి, సాగదీస్తే పాట నడక కుంటుతుంది.

ఇక స్పాంజి. రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి బ్రిడ్జి పక్కన తీగల కింద దూర్చండి, తీగలు పైకి లేవకుండా ఊరికే ఆనేలా. నోటు ధుమ్మని వచ్చి చక్కగా ముగిసిపోతుంది, పాత పాటల్లో వినే శబ్దం. వేళ్ల మీద ఇంకా పట్టు రానివాళ్లకి ఇది సగం పని తగ్గిస్తుంది. రాక్ వాయించేవాళ్లు స్పాంజి పక్కనపెట్టి 1 మిల్లీమీటరు మందం ఉన్న పిక్ తీసుకోండి.

5. టేకులు తీయండి

ఏ ఎఫెక్టూ లేకుండా పొడి శబ్దమే రికార్డ్ చేయండి. వినడానికి ఆంప్ ప్లగిన్ (గిటార్ స్పీకర్ పెట్టెలా వినిపించేది) పెట్టుకోవచ్చు, ఫైల్లోకి మాత్రం ఉత్త బేసే పోవాలి, రేపు మనసు మారితే వెనక్కి వెళ్లే దారి ఉంటుంది. మెట్రోనోమ్‌తో కాకుండా డ్రమ్స్‌తో వాయించండి. పాట మొత్తం మూడుసార్లు వాయించి అందులో మంచివి ఏరుకోండి. నాలుగు బార్లు వాయించి పాటంతా కాపీ కొట్టడం నాకు నచ్చదు, వినేవాడికి కారణం తెలియకపోయినా విసుగు పుడుతుంది. కొత్త టేకు ముందు ప్రతిసారీ ట్యూన్ చూసుకోండి, ఏసీ వేసినా ఆపినా తీగ మారిపోతుంది.

ఇంట్లో చిన్న ఆంప్ ఉందా? పొడి శబ్దంతో పాటు దాని ముందు మైకు పెట్టి ఇంకో ట్రాక్ తీసుకోవచ్చు. మైకుకి శబ్దం గాలిలో రావాలి, 34 సెంటీమీటర్లకి ఒక మిల్లీసెకను ఆలస్యం. రెండూ కలిపినప్పుడు బేస్ లావు అవడానికి బదులు సన్నబడిపోతే, మైకు ట్రాక్‌ని ఆ మేరకు ఎడమకి, అంటే అంత ముందే మొదలయ్యేలా, లాగి రెండు ట్రాక్‌ల గీతలు కలపండి, అయినా సన్నగానే ఉంటే ఫేజ్ బటన్ (గీతని తలకిందులు చేసేది) నొక్కి చూడండి. ఆంప్ లేనివాళ్లు బాధపడక్కర్లేదు, న్యూరల్ ఆంప్ మోడలర్, టీఎస్‌ఈ బాడ్ (TSE BOD) అనే ఆంప్ ప్లగిన్లు రెండూ ఉచితమే.

6. ఇప్పుడు కంప్యూటర్ పని

ఈక్యూ: 30, 35 హెర్ట్జ్ కింద కోసేయండి, అక్కడ మనకేమీ లేదు. బురదగా ఉంటే 200 నుంచి 300 మధ్య రెండు మూడు డీబీ తగ్గించండి. నోటు ఏదో తెలియట్లేదంటే కింద పెంచకండి, 700 నుంచి 1000 మధ్య కొంచెం పెంచండి, వేలి మాట వినపడేది అక్కడే. ఇవన్నీ పాట మొత్తం మోగుతుండగా చేయండి. సోలో బటన్ నొక్కి ఒంటరిగా బేస్‌ని ముస్తాబు చేస్తే పాటలోకి వచ్చాక అది ఎవరితోనూ కలవదు.

కంప్రెసర్: రేషియో 4, అటాక్ 25 మిల్లీసెకన్లు, రిలీజ్ 100 దగ్గర మొదలుపెట్టండి. గట్టి నోట్ల దగ్గర 4 నుంచి 6 డీబీ తగ్గేలా త్రెషోల్డ్ పెట్టండి. 15 డీబీ తగ్గించాల్సి వస్తోందంటే నాలుగో మెట్టుకి వెళ్లి మళ్లీ వాయించండి.

ఫోన్‌లో వినపడాలంటే ఇది ముఖ్యం. ఫోన్ స్పీకర్ అంత చిన్నది 41 హెర్ట్జ్ పలకలేదు, మీరు కింద ఎంత పెంచినా సరే. బేస్ ట్రాక్‌ని కాపీ చేసి, కాపీలో 250 కింద అంతా కోసేసి, దానికి డిస్టార్షన్ బాగా పట్టించి, ఫేడర్ (ఆ ట్రాక్ వాల్యూమ్ మీట) పూర్తిగా దించి, మెల్లగా పెంచుకుంటూ రండి. ఒంటరిగా వింటే రేడియో గరగరలా ఉంటుంది, పాటలో కలిస్తే డిస్టార్షన్ ఉన్నట్టే తెలీదు, కానీ ఫోన్‌లో బేస్ వచ్చేస్తుంది. పై స్వరాలు అందితే కింది నోటుని చెవి తనే ఊహించుకుంటుంది.

కిక్ డ్రమ్‌తో తగాదా తీర్చండి. రెండూ 60 దగ్గరే కూర్చుంటే ఎవరో ఒకరు జరగాలి. కిక్‌కి 60 ఇస్తే బేస్‌లో అక్కడ రెండు డీబీ తగ్గించి 90, 100 దగ్గర కొంచెం పెంచండి. జానపదాలు చేసేవాళ్లకి కిక్ ఉండదు, ఢోలక్ ఎడమచేతి గుమకీ (జారుతూ వచ్చే లావు శబ్దం), డప్పూ ఉంటాయి. ఆ గుమకీ జారే చోట బేస్ తక్కువ నోట్లతో సరిపెట్టుకోవడమే మేలు, ఈక్యూతో అది తేలదు.

7. సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

నా తప్పు ఒకటి చెప్తా. మద్దిలపాలెంలో నేను ఉండే గది వెడల్పు పదడుగులు. గోడకీ గోడకీ మధ్య పదడుగులుంటే 56 హెర్ట్జ్ దగ్గర గది తనే ఊగుతుంది, బేస్ ‘ఏ’ తీగ 55. గోడల పక్కన ఆ నోటు ఉరుములా ఉంటుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాయమైపోతుంది. నేను బుద్ధిగా మధ్యలోనే కూర్చున్నా. ‘ఏ’ నోటు బలహీనంగా ఉందే అని 55 దగ్గర 6 డీబీ పెంచా. మర్నాడు బీచ్ రోడ్డులో ఫ్రెండు కారులో పాట పెడితే ఆ నోటు వచ్చినప్పుడల్లా డోరు గలగలలాడింది, పాట పైగా ‘ఏ’ స్కేలు. “ఏంట్రా, స్పీకరు పోయిందా?” అని వాడు వాల్యూమ్ తగ్గించేశాడు.

అందుకే కింది శబ్దం మీద తీర్పు గదిలో స్పీకర్లతో ఇవ్వకండి. ఇలా చూడండి:

- హెడ్‌ఫోన్స్‌లో ఒక్కో నోటూ వినండి. ఏదో ఒక నోటు మాత్రమే ఎగిరితే ఈక్యూ ముట్టుకోకుండా ఆ నోటు వాల్యూమ్ తగ్గించండి.
- ఫోన్ స్పీకర్‌లో పెట్టి బేస్‌తో పాటు గొణగండి. గొణగగలిగితే వినపడుతున్నట్టే.
- వాల్యూమ్ బాగా తగ్గించి, పక్క గదిలోకి వెళ్లి వినండి. బేస్ మొదట మాయమైతే మధ్య శబ్దం చాలట్లేదు, బేస్ ఒక్కటే మిగిలితే కింద ఎక్కువైంది.
- మోనో బటన్ నొక్కండి. బేస్ సన్నబడితే ఎక్కడో స్టీరియో ఎఫెక్ట్ ఉంది, తీసేయండి.
- మీకు నచ్చిన పాట ఒకటి పక్కన పెట్టుకుని, రెండింటి వాల్యూమూ సమానం చేసి పోల్చండి. సమానం చేయకపోతే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది.
- కారులో, లేదా తెలిసినవాళ్ల ఆటోలో. ఆటో స్పీకర్ అయితే ఇంకా మంచిది, మొహమాటం లేకుండా నిజం చెప్తుంది.

దొరికిన లోపాలన్నీ కాగితం మీద రాసుకుని, మర్నాడు ఒక్కొక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. నాకు ఫైలు పంపేటప్పుడు మాత్రం మిక్స్ ఒక్కటే కాకుండా, ఏ ఎఫెక్టూ లేని పొడి ట్రాక్ కూడా పంపండి, పేరులో పాట టెంపో రాసి. మొన్న ఒకాయన ‘ఫైనల్ ఫైనల్ 2’ అని పంపాడు, తెరిస్తే అది తబలా.